మౌలాలి తోటలో మహలఖా బాయి చందా – ఒక అధ్యయన యాత్ర

కవులకును రచయితలకును లోకము నిలుపు స్మారకములు పలు విధములు. విగ్రహము ఒకటి, గ్రంథాలయము ఒకటి, వారు నివసించిన యిల్లు ఒకటి. వీటితోపాటు మరియొకటి గలదు, అది తోట. హుస్సేన్‌సాగరు గట్టుపై 1986లో నెలకొల్పిన విగ్రహములలో మొల్ల, జాషువా, మఖ్దూం మొహియుద్దీన్ మున్నగు కవుల రూపములు నిలిచియున్నవి. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారును, ఆయన సతీమణి రాజ్యలక్ష్మమ్మగారును తాము ప్రేమించిన తోటలోనే శాశ్వత నిద్రలో నున్నారు. విగ్రహమును ఒకమారు నిలిపిన పిమ్మట ఏడాదికొకమారు పూలమాల వేసిన చాలును. తోట యట్లు కాదు. దానికి ప్రతిదినము నీరు కావలెను, కలుపు తీయువారు కావలెను, గోడ కూలిన కట్టువారు కావలెను. కనుక ఒక రచయితను ఒక సమాజము నిజముగా తలచుకొనుచున్నదా లేదా యనునది తోటను చూచినచో తెలియును.

ఈ విషయమును కన్నులార చూచి నేర్చుకొనుటకై మన కళాశాల ఉర్దూ, తెలుగు మాధ్యమముల విద్యార్థులము కలిసి హైదరాబాదు నగరములోని మౌలాలి కొండ పాదమున నున్న మహలఖా బాయి స్మారకోద్యానమును సందర్శించితిమి. ఎల్లారెడ్డి ప్రాంతమునుండి వచ్చువారు వేకువ బస్సులలో కామారెడ్డి చేరిరి. అచ్చటనుండి అందరము రైలులో నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము ప్రయాణించి, మల్కాజిగిరిలో దిగి, ఆటోలలో కొండ క్రిందికి పోయితిమి. చూచినదియు, చదివినదియు, మాలో మేము చర్చించుకొన్నదియు ఈ వ్యాసమున పొందుపరచుచున్నాము.

ఎవరీ చందా?

మహలఖా బాయి 1768లో జన్మించెను. కర్ణాటక సంగీత త్రిమూర్తులలో నొకరైన త్యాగరాజస్వామి జననము 1767. అనగా కావేరీ తీరమున త్యాగయ్యయు, దక్కను రాజధానిలో చందాయు ఇంచుమించు ఒకే ఈడువారు. ఆమె చిన్ననాటి పేరు చందా బీబీ. తల్లి రాజ్ కున్వర్ బాయి, గుజరాతు ప్రాంతమునుండి దక్కనుకు వచ్చిన కుటుంబమునకు చెందినది. తండ్రి బహదూర్ ఖాన్ మొగలు చక్రవర్తి మహమ్మద్ షా కొలువున సైనికోద్యోగి. చందాను ఆమె అక్క మెహతాబ్ కున్వర్ పెంచుకొనెను. ఆ యింటికి దివాను రుక్నుద్దౌలాతో గల సంబంధము వలన బాలికకు గొప్ప గ్రంథములును, గొప్ప గురువులును లభించిరి. సంగీతము, నృత్యము, ఫారసీ, ఉర్దూ సాహిత్యములతోపాటు గుర్రపు స్వారియు, విలువిద్యయు నేర్చెను.

రెండవ అసఫ్ జా నిజాం అలీ ఖాన్ కాలమున ఆమె ఆస్థానములో ప్రముఖస్థానము పొందెను. మూడు యుద్ధయాత్రలలో పురుషవేషము ధరించి నిజాము వెంట నడచెనని చరిత్రకారులు వ్రాసిరి. సికిందర్ జా 1803లో సింహాసనమెక్కిన పిమ్మట ఆమెకు ‘మహలఖా బాయి’ యను బిరుదు నొసగెను. మాహ్ యనగా చంద్రుడు, లఖా యనగా ముఖము. మన తెలుగులో చెప్పవలెనన్న చంద్రముఖి. ఆమె వివాహము చేసికొనలేదు. జాగీర్లు పొందెను, కవులను, పండితులను పోషించెను, గ్రంథములు సేకరించెను, గులాం హుసేన్ ఖాన్ జౌహర్ చేత ‘మహ్‌నామా’ యను చరిత్రగ్రంథము వ్రాయించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణములో నేటికిని ఆమె పేరుతోనే పిలువబడు మెట్లబావి యొకటి గలదు. 1824లో ఆమె మరణించెను. తన ఆస్తిని నిరాశ్రయులైన స్త్రీలకొరకు విడిచిపోయెనని చెప్పుదురు.

తోట పుట్టిన విధము

మౌలాలి కొండపైనున్న హజ్రత్ అలీ వారి పుణ్యస్థానము కుతుబ్‌షాహీల కాలమునాటిది. అసఫ్‌జాహీల కాలమున రజబు మాసములో ఇచ్చట జరుగు ఉత్సవమునకు నిజామును, కొలువువారును తరలి వచ్చెడివారు. చందా కడుపులో నుండగా తల్లి రాజ్ కున్వర్ ఈ కొండకు వచ్చెననియు, దారిలో గర్భమునకు ఆపద కలుగగా చిత్రకారుడు తజల్లీ అలీ షా పరుగున పోయి పుణ్యస్థానమునుండి ఎర్ర దారమును, ధూపమును తెచ్చి యిచ్చెననియు, శిశువు నిలిచెననియు ఒక కథ పరంపరగా వచ్చుచున్నది. ఈ కథవలన ఆమెకు ఈ కొండపై గల భక్తికి కారణము తెలియుచున్నది.

తల్లి మరణించిన పిమ్మట 1792లో చందా ఈ కొండ పాదమున సమాధిమందిరమును, దాని చుట్టును తోటను నిర్మింపజేసెను. ముప్పది రెండేండ్ల తరువాత ఆమెయు తల్లి ప్రక్కనే సమాధి చేయబడెను. అనగా ఈ ఉద్యానము ఒక రచయిత్రికై ఇతరులు కట్టినది కాదు. ఒక కుమార్తె తన తల్లికై కట్టించిన తోట కాలక్రమమున ఆ కుమార్తె స్మారకమైనది.

తోట చార్‌బాగ్ పద్ధతిలో నిర్మింపబడినది. ‘చార్’ యనగా నాలుగు, ‘బాగ్’ యనగా తోట. నేలను నాలుగు భాగములుగా విభజించి, నడుమ బాటలను, నీటి కాలువలను ఏర్పరచుట ఈ పద్ధతి లక్షణము. స్వర్గమును నాలుగు నదులు ప్రవహించు వనముగా భావించుట దీనికి మూలము. చుట్టును ప్రాకారము, లోన సమాధిమందిరము, మసీదు, మంటపము, నీటితొట్టి, మెట్లబావి – ఇవి ఇచ్చటి ప్రధాన కట్టడములు. మొగలుల శైలియు, రాజస్థాను శైలియు ఇందులో కలిసియున్నవి. ప్రాకారము వెలుపల నేడు దట్టముగా నిండ్లు లేచినవి. రద్దీగల వీధినుండి ద్వారము దాటి లోనికి అడుగిడిన క్షణముననే చప్పుడు తగ్గుట మేము గమనించితిమి. తోటకు గోడ యెందులకో మాకు అప్పుడు అర్థమైనది.

ఫలకము ఎదుట

సమాధి దగ్గర ఉర్దూ లిపిలో చెక్కిన పద్యరూపమైన ఫలకము గలదు. ఇచ్చట జరిగినదే మా యాత్రలో ముఖ్యమైన పాఠము. మాలో సగము మంది ఆ అక్షరములను చదువలేకపోయిరి. ఉర్దూ మాధ్యమపు సోదరసోదరీమణులు ఒక్కొక్క పదమును చదివి, అర్థము చెప్పిరి. తెలుగు మాధ్యమమువారు దానిని తమ నోటుపుస్తకములలో తెలుగు అక్షరములతో వ్రాసికొనిరి. ఒకే కళాశాలలో ఒకే మైదానమున ఆడుకొనువారమై యుండియు, ఒకరి లిపి ఒకరికి మూసిన తలుపువలె నుండుట అందరికిని ఆలోచన కలిగించినది.

ఫలకములో మరణ సంవత్సరమును తెలుపు సంప్రదాయమును గురించి కొంత చెప్పవలెను. అరబ్బీ, ఫారసీ, ఉర్దూ భాషలలో ప్రతి అక్షరమునకు ఒక సంఖ్య గలదు. దీనిని అబ్జద్ పద్ధతి యందురు. అలిఫ్‌కు 1, బేకు 2, జీమ్‌కు 3, దాల్‌కు 4, నూన్‌కు 50. ఉదాహరణకు ‘చందా’ యను పేరును తీసికొందము. చే యను అక్షరము అరబ్బీలో లేదు గావున దానికి జీమ్ విలువయైన 3 చెల్లును. చే 3, నూన్ 50, దాల్ 4, అలిఫ్ 1, మొత్తము 58. ఇట్లే ఒక పద్యపాదములోని అక్షరముల విలువలన్నియు కూడినచో మరణించిన హిజ్రీ సంవత్సరము వచ్చునట్లు కవులు రచింతురు. దీనిని తారీఖ్ యందురు. చందా మరణము హిజ్రీ 1240, క్రీస్తు శకము 1824.

తెలుగు విద్యార్థులకు ఇది వింత కాదు. మన శాసనములలో శకసంవత్సరములను భూతసంఖ్యలతో చెప్పు సంప్రదాయము గలదు. చంద్రుడనగా 1, నేత్రములనగా 2, వేదములనగా 4, బాణములనగా 5. వాటిని కుడినుండి యెడమకు చదువవలెను. ఉర్దూ లిపియు కుడినుండి యెడమకే నడచును గదా యని ఒక విద్యార్థిని అనగా అందరము నవ్వితిమి. రెండు భాషలును కాలమును కవిత్వములో దాచు విద్య నెరిగినవే.

ఆమె కవిత్వము

చందా గజళ్లు వ్రాసెను. ‘చందా’ యనునది ఆమె తఖల్లుస్, అనగా కవినామము. గజలులో రెండేసి పాదములు కలిసి ఒక షేర్ యగును. ప్రతి షేర్ దానికదియే పూర్తి. మొదటి షేర్ మత్లా, చివరిది మఖ్తా. షేర్ల చివర మరల మరల వచ్చు పదము రదీఫ్, దానికి ముందు వచ్చు ప్రాస ఖాఫియా. మఖ్తాలో కవి తన పేరును నిలుపును. మన శతకములలో ప్రతి పద్యమును విడిగా చదువవచ్చును, మకుటము మాత్రము తిరిగి తిరిగి వచ్చును. వేమన పద్యములు కంఠస్థము చేసిన విద్యార్థికి గజలు నిర్మాణమును బోధించుట కష్టము కాదని మా అనుభవము.

1798లో కూర్చబడిన ఆమె దీవానులో 125 గజళ్లు గలవు. ప్రతి గజలులో ఐదే షేర్లు. అనగా మొత్తము 625 షేర్లు. గజలు చివర హజ్రత్ అలీ వారిని స్మరించుట ఆమె పద్ధతి. శృంగారముతో ఆరంభమై భక్తితో ముగియు ఈ నడక మన క్షేత్రయ్య పదములను తలపునకు తెచ్చుచున్నది. 1799లో ఆమె తన దీవాను ప్రతి నొకదానిని ఆంగ్లేయ అధికారి జాన్ మాల్కంకు బహూకరించెను. ఆ ప్రతి నేడు లండనులోని బ్రిటిషు గ్రంథాలయమున భద్రముగా నున్నది. ఆమె మరణించిన 1824లో ‘గుల్జారె మహలఖా’ యను పేర ఒక సంపుటము వెలువడెను. గుల్జార్ యనగా పూదోట. గ్రంథమునకును తోట పేరే!

ఉర్దూలో దీవాను కూర్చిన తొలి మహిళ ఈమెయే యని చాలకాలము వ్రాయుచు వచ్చిరి. దక్కనుకే చెందిన లుత్ఫున్నిసా ఇంతియాజ్ దీవాను 1797 నాటిదని తరువాతి పరిశోధకులు చూపిరి. ఒక్క సంవత్సరము తేడా. విద్యార్థులు గమనింపవలసినదేమనగా, దీనివలన చందా గౌరవము తగ్గదు. ఒక్కతెయే యుండెనని తలచిన చోట ఇద్దరుండిరని తెలిసినది. ఇంకను తెలియనివారుందురేమో యను ఆశ కలిగినది. పాత గ్రంథములను భద్రపరుపవలసిన అవసరము ఇట్టి సందర్భములందు బోధపడును.

మరపునకు కారణము

ఇంతటి కవయిత్రి తోట శిథిలమగుటకు కారణమేమి? కాలము ఒక కారణము. ఆమె కొలువు నర్తకి, తవాయఫ్ వర్గమునకు చెందినది యగుట మరియొక కారణము. పందొమ్మిదవ శతాబ్ది చివరిభాగమున దేశమంతటను కళావంతుల యెడ గౌరవము సన్నగిల్లినది. వారి పాట కావలెను, వారి పేరు వలదు అను వైఖరి యేర్పడినది.

తెలుగులో దీనికి సరియైన పోలిక ముద్దుపళని. తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుని ఆస్థానమున, పదునెనిమిదవ శతాబ్ది నడుమ, ఆమె ‘రాధికా సాంత్వనము’ రచించెను. వీరేశలింగము పంతులుగారంతటి సంస్కర్త ‘ఆంధ్ర కవుల చరిత్ర’లో ఆ కావ్యమును నీతిబాహ్యమని నిందించెను. విధవా వివాహములకై పోరాడిన మహనీయుడే కళావంతురాలి కవిత్వమును అంగీకరింపలేకపోవుట ఆ కాలపు పరిమితి. బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో ఆ కావ్యమును పూర్తిగా ప్రకటించి, పీఠికలో సమాధానము చెప్పిరి. ఆంగ్ల ప్రభుత్వము దానిని నిషేధించెను. దేశస్వాతంత్ర్య కాలమున, ప్రకాశం పంతులుగారి ప్రభుత్వములో ఆ నిషేధము తొలగినది.

ఈ నాగరత్నమ్మగారే తిరువయ్యారులో శిథిలమైయున్న త్యాగరాజస్వామి సమాధిని తన సొంత ధనముతో ఉద్ధరించిరి. 1921లో పని ఆరంభమై 1925లో ప్రతిష్ఠ జరిగినది. 1952లో ఆమె మరణించిన పిమ్మట ఆ సమాధి చెంతనే ఆమెకు స్మారకము వెలసినది. మౌలాలిలో చందా తల్లికై తోట కట్టించి దానిలోనే నిద్రించెను. తిరువయ్యారులో నాగరత్నమ్మ త్యాగయ్యకై మందిరము కట్టించి దాని చెంతనే నిలిచిపోయెను. సమాజము చిన్నచూపు చూచిన స్త్రీలే ఇతరుల స్మృతులను కాపాడిరి. మన కళాశాల విద్యార్థినులు ఈ రెండు చరిత్రలను కలిపి చదువవలెను.

ఉద్ధరణ

మౌలాలి తోట చిరకాలము చెత్తకును, ముండ్లపొదలకును ఆటపట్టై యుండెను. 2010లో అమెరికా ప్రభుత్వము లక్ష డాలర్ల సహాయమొసగగా, దక్కను అధ్యయన కేంద్రము ఆధ్వర్యమున పునరుద్ధరణ సాగి 2011లో పూర్తియైనది. పూడిపోయిన నీటితొట్లను శుభ్రపరచిరి, రాలిన సున్నపు పనిని సరిచేసిరి, చెట్లు నాటిరి. సంతోషింపదగిన విషయమే. కాని మన నేలపై మన కవయిత్రి తోటను బాగుచేయుటకు సముద్రముల కావలినుండి ధనము రావలసివచ్చినదే యని తలచినప్పుడు మనస్సు నొచ్చుచున్నది. నిధి యొక్కసారి వచ్చును. నీరు ప్రతిదినము పోయవలెను. ఆ రెండవ పని పొరుగువారిది, విద్యార్థులది, మనది.

మన జిల్లాలోనే దీనికి మంచి ఉదాహరణ గలదు. దోమకొండ కోటను వారసులు శ్రద్ధతో పునరుద్ధరింపగా 2022లో దానికి యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారము లభించెను. చేరువలోనున్నవారు పూనుకొన్నచో ఏమి సాధ్యమో కామారెడ్డివారికి వేరుగా చెప్పనక్కరలేదు.

మన చేరువలోని కవి

2016 వరకు మన కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములు నిజామాబాదు జిల్లాలోనివే. ఆ నిజామాబాదు ఖిల్లాలోని కారాగారమున 1948లో దాశరథి కృష్ణమాచార్యులు బందీయై యుండిరి. కాగితము లేని చోట, పండ్లు తోముకొను బొగ్గుతో గోడపై పద్యములు వ్రాసిరి. వట్టికోట ఆళ్వారుస్వామిగారు ఆయన తోడి బందీ. దాశరథి తన మొదటి కావ్యసంపుటి ‘అగ్నిధార’ను వట్టికోటవారికే అంకితమొసగిరి. ఆళ్వారుస్వామిగారి ‘ప్రజల మనిషి’ నవలకు ఈ నిజామాబాదు జిల్లా పల్లెయే రంగస్థలము.

నిజాం ప్రభుత్వమును ఎదిరించి చెరసాల కేగిన ఆ దాశరథియే ఉర్దూ భాషను గాఢముగా ప్రేమించి, మీర్జా గాలిబు గజళ్లను తెలుగు చేసి 1961లో ‘గాలిబ్ గీతాలు’ వెలువరించెను. పాలకునితో వైరము, పాలకుని కొలువుభాషతో వైరము కాదని ఆయన చూపెను. ఢిల్లీలో నిజాముద్దీన్ చెంత గాలిబుకు పాలరాతి సమాధి గలదు. తెలుగునాట ఆయనకు కట్టడ మేదియు లేకున్నను, దాశరథి గ్రంథము వలన ఆయన ఇచ్చట సజీవుడై యున్నాడు. ఇదియు ఒక విధమైన తోటయే. ఒక భాషలోని మొక్కను వేరొక భాష నేలలో నాటుటయే అనువాదము.

కమిటీవారికి విన్నపము

ఈ యాత్రవలన మాకు కలిగిన ఆలోచనలను కళాశాల కమిటీ పెద్దల సన్నిధిని వినయముతో ఉంచుచున్నాము.

1. కళాశాల ఆవరణలో ఒక మూలను ‘కవుల తోట’గా ఏర్పరుపవలెను. చార్‌బాగ్ పద్ధతిలో నాలుగు మళ్లు చాలును. ఒకటి చందాకు, ఒకటి ముద్దుపళనికి, ఒకటి గాలిబుకు, ఒకటి దాశరథికి కేటాయింపవచ్చును.

2. ఫారసీ కవిత్వమున సరోవృక్షము ప్రసిద్ధము.  దానికి బదులు పొగడ, కానుగ, వేప, దానిమ్మ, నందివర్ధనము, గన్నేరు నాటిన మేలు. వర్షారంభమున నాటినచో మొదటి వేసవికి వేరు పట్టును. చేతులు కడుగుకొను నీటిని కాలువగా మళ్లించినచో వేరు ఖర్చు ఉండదు.

3. ప్రతి మడిచెంతను రెండు లిపులలో ఫలకము నిలుపవలెను. ఉర్దూ ఫలకమును తెలుగు మాధ్యమమువారును, తెలుగు ఫలకమును ఉర్దూ మాధ్యమమువారును వ్రాయవలెను. తప్పులు ఒకరివి ఒకరు దిద్దుకొందురు.

4. ఏటేట ఈ సంచికలో ఒక గజలు తెలుగులోను, ఒక తెలుగు పద్యము ఉర్దూలోను విద్యార్థులే అనువదించి ప్రకటింపవలెను.

5. తోట పనికి తరగతులవారీగా వంతులు నిర్ణయించి, నీరు పోసినవారి పేరు పుస్తకములో వ్రాయవలెను. సెలవులలో ఎవరు పోయవలెనో ముందే నిర్ణయించుట మరువరాదు. ఏ తోటయైనను ఎండిపోవునది వేసవి సెలవులలోనే గదా.

వీటికి పెద్ద నిధులు అక్కరలేదు. గునపము, పార, తట్ట, కొన్ని మొక్కలు, పట్టుదల చాలును. చందా తన తల్లికై నాటించిన చెట్లలో నాటివి యేవియు మిగిలియుండక పోవచ్చును. అయినను రెండువందల యేండ్ల తరువాత ఆ నేలపై మరల చెట్లు నాటువారు లభించిరి. మన ఆవరణలో నాటబోవు మొక్కలకును అట్టి వారసులు తరతరములుగ లభింతురని నమ్ముచు, కమిటీ పెద్దలు మా విన్నపమును ఆలకించి వచ్చు వర్షకాలముననే పనికి అనుమతి దయచేయుదురని ఆశించుచున్నాము.